గోడ మీద ముగ్గురు

అమీర్‌పేటలో మా జిమ్ మూడో అంతస్తులో ఉంది. కింద టిఫిన్ సెంటర్, మధ్యలో సాఫ్ట్‌వేర్ కోర్సుల కోచింగ్, పైన మేం. పొద్దున్నే అయిదున్నరకి షట్టర్ ఎత్తేసరికే హాస్టల్ కుర్రాళ్లు నలుగురైదుగురు మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. ఏడున్నరకి క్లాసు, ఈలోపే ఛాతీ వచ్చేయాలి వాళ్లకి. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజుల్లో ఇక్కడ కోచ్‌గా చేరాను. 2017 నవంబరులో రైలు మొదలైంది. అప్పటికీ నాకు పని రాలేదని ఇప్పుడు తెలుస్తోంది.

అద్దం పక్కన ఓ పాత చార్టు ఉంది. అందులో ముగ్గురు మగవాళ్లు: బక్కోడు, కండలోడు, బొద్దోడు. వాళ్ల కింద ఎక్టోమార్ఫ్, మీసోమార్ఫ్, ఎండోమార్ఫ్ అని పేర్లు. కొత్తగా ఎవరు చేరినా దాని ముందు నిలబెట్టి, ఒక చూపు చూసి, ‘నువ్వు ఎక్టో’ అనో, ‘ఎండో’ అనో తేల్చేసేవాణ్ని. అర నిమిషం పట్టేది. ఎక్టో అయితే తిను, బరువులెత్తు, పరిగెత్తకు. ఎండో అయితే నోరు కట్టుకో, ట్రెడ్‌మిల్ ఎక్కు. డాక్టరులా అనిపించేది నాకు.

ఆ రోజుల్లోనే నల్గొండ వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. అయిదడుగుల ఎనిమిదంగుళాలు, 52 కిలోలు. చార్టులో బక్కోడు దిగొచ్చినట్టే ఉన్నాడు. బరువు పెంచే గెయినర్ పొడి డబ్బా కొనిపించాను. నాలుగు నెలల్లో ఏడు కిలోలు పెరిగాడు. ఇద్దరం సంబరపడ్డాం. ఒకరోజు చెమట తుడుచుకోవడానికి వాడు టీషర్టు పైకెత్తితే, పుల్లల్లాంటి చేతుల మధ్య కుండలాంటి పొట్ట కనిపించింది. టేపు పెట్టాను. నడుము 28 నుంచి 32 అంగుళాలకి వచ్చింది. చేయి అరంగుళం కూడా పెరగలేదు.

“అన్నా, తిన్నదంతా ఇక్కడికే పోయిందా?” అన్నాడు పొట్ట పట్టుకుని.

అప్పుడు అడిగాను, ముందే అడగాల్సిన మాట: రోజూ ఏం తింటున్నావ్? పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాంబారు, రాత్రి మళ్లీ అన్నం, నీళ్ల పప్పు. గుడ్డు వారానికి రెండుసార్లు. దాని మీద నేను కొనిపించిన డబ్బా. వెనక్కి తిప్పి చదివితే అందులోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పైగా రోజుకి పది గంటలు కంప్యూటర్ ముందు కుర్చీలో. వాడి ఎముకల్లో ఏ లోపమూ లేదు. హాస్టల్ మెస్‌లో ఉంది, నాలో ఉంది.

అసలు చార్టు మీది ఆ పేర్లెవరు పెట్టారని అప్పుడే వెతికాను. విలియం షెల్డన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. 1940లో పుస్తకం రాశాడు. పిండంలోని మూడు పొరల పేర్లు తీసుకుని ఒళ్లుకి తగిలించాడు. ఆయనకి కావలసింది కండలు కాదు. ఒళ్లు చూసి గుణం చెప్పాలనుకున్నాడు! సాముద్రికం చెప్పేవాళ్లు మన దగ్గరా ఉన్నారు కదా. ఆ గుణాల సిద్ధాంతాన్ని శాస్త్రం తర్వాత పక్కన పెట్టేసింది. అయినా ఆయన కూడా ఎవర్నీ ఒకే గడిలో పెట్టలేదు. మూడింటికీ ఒకటి నుంచి ఏడు దాకా మార్కులేశాడు. ఆ మార్కులు మా గోడ దాకా రాలేదు, బొమ్మలే వచ్చాయి. 1967లో బార్బరా హీత్, లిండ్సే కార్టర్ ఆ మార్కుల లెక్కని కొలతల పద్ధతిగా మార్చారు. చర్మం మడతల మందం, మోచేయి, మోకాలి ఎముకల వెడల్పు, చేయి, పిక్క చుట్టుకొలత తీసుకోవాలి. అది కూడా ఇవాళ్టి ఒళ్లునే చెబుతుంది. రేపు ఎలా మారుతుందో చెప్పదు.

మా కుర్రాడి పొట్ట గుట్టు మాత్రం పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ దగ్గర దొరికింది. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయనదీ, ఆయన స్నేహితుడు జాన్ యుడ్కిన్‌దీ ఫోటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. ఈ లెక్కన మా చార్టులో నాలుగో బొమ్మ ఉండాలి: సన్నటి చేతులు, లోపల కొవ్వు. మా దగ్గర చేరేవాళ్లలో సగం మంది వాళ్లే.

అందుకే ఇప్పుడు ముందు టేపు తీస్తాను. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక చుట్టాలి. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు డాక్టర్లు. పంజాగుట్టలో బట్టల షాపున్న పెద్దాయనొకరు ‘నా ప్యాంటు 34’ అని వాదించారు. పొట్ట కిందకి జార్చి కట్టుకుంటే ఎవరికైనా 34 పడుతుంది. టేపులో 40 అంగుళాలు వచ్చింది. ఆయన టేపుని అనుమానించారు.

ఒంటి తీరుతో పనే లేదా అంటే, ఉంది, బోలెడుంది. అది ఎముకల పొడవులో ఉంది. నల్గొండ కుర్రాడికి తొడ ఎముక బారు. స్క్వాట్‌కి కూర్చుంటే ముందుకు వాలిపోయేవాడు, మడమలు లేచిపోయేవి. ‘నడుము నిటారుగా పెట్టరా’ అని నెలల తరబడి అరిచాను. నా అరుపులకి ఎముక కురచ కాదు కదా. మడమల కింద రెండున్నర కిలోల ప్లేట్లు చెరొకటి పెట్టి, పాదాలు ఎడంగా పెట్టించాను. మొదటిసారి కింద దాకా వెళ్లి, అక్కడే ఆగి, అద్దంలో నన్ను చూసి నవ్వాడు. ఖాళీ బారే, 20 కిలోలు.

పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేసే నర్సమ్మ వచ్చినరోజే ‘నాది ఎండో బాడీ సార్, నాతో బరువులు కాదు’ అంది. రోజంతా మంచాల మీద పేషెంట్లని లేపి పక్కకి తిప్పే మనిషి! తొడలు కురచ, మొండెం పొడవు. ఎవరూ నేర్పకుండానే నిటారుగా కూర్చుని లేచింది. చార్టులో కండలోడు లాంటి కుర్రాళ్లు పక్కన నిలబడి చూశారు. బరువు ఆర్నెల్లలో మూడు కిలోలే తగ్గింది, బారు మీద మాత్రం ముప్ఫై పెరిగింది.

చార్టు తీసేద్దామంటే ఓనర్ ఒప్పుకోడు. దాని వెనక గోడ చెమ్మకి పెచ్చులూడిందట. నిన్న కొత్తవాడొకడు దాని ముందు చొక్కా విప్పి నిలబడి, “అన్నా, నేను ఎక్టోనా?” అన్నాడు.

“బూట్లు విప్పి గొంతుక్కూర్చో తమ్ముడూ” అన్నాను. “రాత్రి ఏం తిన్నావో చెప్పు.”