రెండున్నర అంటే ఎంత?

ఇంతవరకు ఇక్కడ మా తాత కాలం దస్తావేజులు, అవ్వ చెప్పిన సంగతులు రాస్తూ వచ్చినాము. ఈసారి మా ఇద్దరి ఉద్యోగాల గురించి రాస్తున్నాము. ఇంటి చరిత్రలో ఉద్యోగం గోల ఎందుకు అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి, అది మా ఇంటి పాత తగువు దగ్గరికే పోయి చేరుతుంది.

మేమిద్దరం అన్నదమ్ములం. పెద్దవాడు సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇది రాస్తున్న చెయ్యి అతనిదే. చిన్నవాడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. అప్పట్లో ఇద్దరం హోసూరులో ఒకే చిన్న కంపెనీలో ఉండేవాళ్ళం. 1980ల నుంచి మా ఊరికి లారీలు, మోపెడ్లు, గడియారాలు చేసే ఫ్యాక్టరీలు వచ్చినాయి. మా నాయన తరం ఇనుముతో పని చేసింది. ఇప్పుడు హోసూరు నుంచి శూలగిరి మీదుగా కృష్ణగిరి దాకా బ్యాటరీ బండ్లు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలే. మా తరం చేతికి సర్క్యూట్ బోర్డులు వచ్చినాయి.

బోర్డు ఎట్ల తయారవుతుందో తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. మొదట కంప్యూటర్‌లో స్కీమాటిక్ గీస్తారు, అంటే ఏ భాగం దేనికి కలవాలో చూపించే బొమ్మ. తర్వాత ఒక్కో భాగానికి ఫుట్‌ప్రింట్ పెడతారు, అంటే ఆ భాగం కాళ్ళు బోర్డు మీద ఎక్కడ దిగాలో చూపే గుర్తులు. ఇవి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ముందే ఉంటాయి. లేకుంటే మనమే గీసుకోవాల. చివరికి గెర్బర్ ఫైళ్ళు తీసి బోర్డు చేసేవాళ్ళకు పంపుతారు.

ఈ పని చేసే ఏ ఇంజనీరును కదిలించినా గంటసేపు ఏడుస్తాడు. కైక్యాడ్ కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఈగల్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఏండ్ల తరబడి లైబ్రరీ కూడబెట్టుకొన్నవాళ్ళకు, దాన్ని 2026 జూన్ 7తో ఆపేస్తామని ఆటోడెస్క్ 2023లోనే చెప్పేసింది. ఇవన్నీ ఒక ఎత్తు. స్పెసిఫికేషన్ అనే కాగితం ఇంకొక ఎత్తు. బోర్డు ఎట్లుండాలో చెప్పాల్సింది అదే. అందులో ఒక చోట “తర్వాత చెప్తాము” అని ఉంటుంది, ఇంకొక చోట “పోయినసారి మాదిరే” అని ఉంటుంది.

మాకు వచ్చిన కాగితంలో ఒక వరుస ఇట్ల ఉండింది: పదహారు కాళ్ళ కనెక్టర్, పిచ్ 2.5. పిచ్ అంటే ఒక కాలికి, పక్క కాలికి నడుమ దూరం. అంతే. భాగం నంబరు లేదు, ఏ రకమో లేదు.

దీంట్లో ఒక చిక్కు ఉంది. పాత కనెక్టర్లు అంగుళం లెక్కలో పుట్టినాయి. అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. మాతో పని చేసేవాళ్ళంతా దాన్ని నోటితో “రెండున్నర” అనే అంటారు. మిల్లీమీటరు లెక్కలో పుట్టిన వేరే కనెక్టర్లు ఉన్నాయి, వాటికి నిజంగానే 2.5. చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. చిన్నవాడు అలవాటు కొద్దీ లైబ్రరీలో ఉన్న 2.54ను పెట్టినాడు. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ రూల్ చెక్ అని ఒకటి ఉంది, దాన్ని నడిపినాడు. తప్పులు: 0.

దానిది అబద్ధం కాదు. రాగి గీతల నడుమ చాలినంత సందు ఉందా, రంధ్రం చాలినంత ఉందా అని అది చూసింది. కస్టమరు ఏ కనెక్టర్ కొనిపెట్టుకొన్నాడో దానికి ఎట్ల తెలుస్తుంది?

అంతకుముందు చేసిన బోర్డులో ఇదే తప్పు ఉండింది, ఎవరికీ తెలియలేదు. దాంట్లో నాలుగు కాళ్ళే. కాలికి 0.04 మిల్లీమీటరు తేడా, మూడు సందులకు 0.12. కొంచెం నొక్కితే దిగిపోయింది. పదహారు కాళ్ళకు పదిహేను సందులు, 0.6 మిల్లీమీటరు. కృష్ణగిరి పక్క బోర్డులకు భాగాలు బిగించే చోటు నుంచి ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. మొదటి కాలు దిగితే చివరి కాలు రంధ్రం పక్కన నిలబడి ఉంది. అప్పటికి రెండు వందల బోర్డులు తయారై ఉన్నాయి.

ఆ రాత్రి ఇంట్లో ఇద్దరం కొట్లాడుకొన్నాము. “స్పెక్ రివ్యూలో నీ సంతకం ఉంది కదా?” అని చిన్నవాడు. “గీసింది నువ్వు కదరా!” అని పెద్దవాడు. టెస్ట్ బెంచికి వైర్లు కావాలి కాబట్టి పెద్దవాడు కూడా ఆ రివ్యూలో కూర్చున్నాడు. కొట్లాటలో చెప్పని మాట ఒకటి ఉంది, ఇక్కడ చెప్తున్నాము. ఆ వరుస చదివినప్పుడు పెద్దవాడి నోటుపుస్తకంలో “2.5? 2.54?” అని రాసుకొన్నది ఉంది. అడగలేదు. చదివింది కన్నడ మీడియం. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతూంటే, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అనుకొంటారని నామోషీ. చిన్నవాడికి కూడా ఇదే అనుమానం ఒకసారి వచ్చిందట. “పెద్దోళ్ళు చూసినారు కదా” అని వదిలేసినాడు.

మా అరుపులు విని నాయన లేచి వచ్చినాడు. సంగతంతా విని ఒక్క మాట అన్నాడు: “మీ తాత కూడా ఉత్త పది అనే అన్నాడు.”

ఈ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్తను ఆనేకల్ పక్క ఇచ్చినారు. పెండ్లి మాటల్లో తాత, “రోడ్డు పక్క భూమిలో పది నీ బిడ్డకు రాసిస్తాను” అని వియ్యంకుడికి మాట ఇచ్చినాడు. హోసూరు పక్క మనం భూమిని సెంట్లలో చెప్తాము, ఎకరాకు నూరు. కర్ణాటక పక్క గుంటల్లో చెప్తారు, ఎకరాకు నలభై. గుంటకు రెండున్నర సెంట్లు. తాత పది సెంట్లు అనుకొన్నాడు. వాళ్ళు పది గుంటలు, అంటే ఇరవై అయిదు సెంట్లు అనుకొన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ అడగలేదు, అడిగితే మర్యాద కాదని. పదేండ్లు రాకపోకలు నిలిచిపోయినాయి.

ఇట్లాంటి తప్పులు పెద్దవాళ్ళకూ తప్పలేదు. ఎయిర్‌బస్ ఏ380 విమానానికి హాంబర్గ్‌లో ఉన్నవాళ్ళు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ 4వ వెర్షన్, తూలూజ్‌లో ఉన్నవాళ్ళు 5వ వెర్షన్ వాడినారు. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైర్లు. బిగించబోతే వైర్ల కట్టలు సరిపోలేదు, విమానాలు దాదాపు రెండేండ్లు ఆలస్యమైనాయి. 1999లో అంగారకుడి దగ్గర నాసా నౌక ఒకటి పోయింది. ఒక జట్టు సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలు ఇస్తే, ఇంకొక జట్టు వాటిని న్యూటన్ల లెక్క అనుకొని వాడుకొంది. అక్కడ స్పెసిఫికేషన్‌లో మెట్రిక్ అని సరిగ్గానే రాసి ఉండింది. రాసినట్టే చేసినారా అని సరిగ్గా చూసినవాళ్ళు లేరు. టెస్టర్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది.

మా బోర్డులను పారేయలేదు. బోర్డు మీద 2.54 కనెక్టర్లే పెట్టి, వైర్ల చివర్లు కోసి, వాటికి సరిపోయే కొనలు మళ్ళీ బిగించినాము. రెండు వందల బోర్డులు, ఒక్కొక్కదానికి పదహారు వైర్లు. మొత్తం 3,200 కొనలు. మూడు రాత్రులు కృష్ణగిరిలోనే ఉండి, అక్కడి వాళ్ళతో కలిసి నొక్కినాము. రెండో రాత్రి పెద్దవాడు నోటుపుస్తకం తీసి చిన్నవాడికి చూపించినాడు. వాడు ఏమీ అనలేదు, టీ తెచ్చి ఇచ్చినాడు.

ఇప్పుడు ఇద్దరం వేరే వేరే చోట్ల పని చేస్తున్నాము. స్పెసిఫికేషన్ వస్తే ముందు అంకెలన్నీ వెతికి, ప్రతి అంకె పక్కన కొలత, భాగం నంబరు రాయించుకొంటాము. రివ్యూలో చెయ్యెత్తి, “సార్, ఇది నాకు అర్థం కాలేదు” అని అడుగుతాము. కొంతమంది నవ్వుతారు. నవ్వనీలే.

పోయిన నెల అత్త ఫోన్ చేసింది. ఇప్పుడు మళ్ళీ మాటలున్నాయి. వాళ్ళ ఇంటి పక్క స్థలం అమ్మకానికి వచ్చిందట. “నాలుగు ఉంది, మీరు తీసుకొంటారా?” అనింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఇద్దరం ఒకేసారి అడిగినాము:

“నాలుగేమి అత్తా, గుంటలా, సెంట్లా?”

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినిపించింది. “గుంటలే నాయనా, గుంటలే. ఈ మాట అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండు!”