కోసిగికి జాబులు

గుంతకల్లు జంక్షన్

తమ్ముడూ, ఈ జాబు నాయనకు నిదానంగా చదివి వినిపించు.

నాయనా, నువ్వు అడిగింది న్యాయమైన మాట. బొమ్మల చదువు నాలుగేండ్లు అయిపోవచ్చింది, ఇంగా రెండేండ్లు చదువుతానంటున్నాను, ఆ తర్వాత బువ్వ ఎట్లా అని. ఆదోని మార్కెట్ యార్డులో ధర కనుక్కోకుండా నువ్వు పత్తి విత్తనం కూడా కొనవు. కూతురి బతుకు గురించి అడగకుండా ఎట్లుంటావు? ఇంటి దగ్గర నోటికొచ్చిన జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ ప్రయాణంలో ఎవరెవరు ఏ పని చేసి బతుకుతున్నారో, బతికినారో తెలుసుకుని రాస్తాను. కడపలో నా బొమ్మలు తీసుకుని, ఆళ్ళగడ్డ మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి గుజరాత్‌లోని వడోదర పోతాను.

ఇక్కడ ప్లాట్‌ఫారం మీద మనవైపు వాళ్ళు చానామంది ఉన్నారు. మూటలు, బిందెలు, నిద్రపోతున్న పిల్లలు. మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోతున్నారు. బండి వచ్చేదాకా వాళ్ళను గీసినాను. ఒకామె తన బొమ్మ చూసి, ముక్కుపుడక మర్చిపోయినావని చెప్పి పెట్టించుకుంది. అంత శ్రద్ధగా నా బొమ్మను ఎవరూ చూడలేదు.

కడప

ఇక్కడికి క్షేమంగా చేరినాను. చిన్నాయన కూతురు ఇంటర్ అయినాక ఈ చదువుకే వస్తానంటోంది కదా, ఆ బిడ్డ కోసం కొన్ని సంగతులు రాస్తున్నాను. తమ్ముడూ, ఈ ముక్క వాళ్ళింట్లో కూడా చదువు.

మేము చదివేది డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో. 2020లో ప్రభుత్వం చట్టం చేసి పెట్టింది. రాష్ట్రం విడిపోయినప్పుడు పెద్ద ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది. పదేండ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు కూడా 2024తో తీరింది. అందుకే మన పిల్లలకు కడప ఇప్పుడు చానా ముఖ్యం. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా రావచ్చు. ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ నాలుగేండ్లు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్స్, యానిమేషన్, ఫొటోగ్రఫీ, వీటిలో ఒకటి ఎంచుకోవాలి. అప్లైడ్ ఆర్ట్స్ అంటే పుస్తకాల అట్టలు, ప్రకటనలు, సరుకుల పెట్టెల మీది బొమ్మలు, అక్షరాల రూపాలు. రైతు కొనే విత్తనం ప్యాకెట్ మీద బొమ్మ కూడా ఎవరో ఒకరు చదువుకునో నేర్చుకునో గీసిందే.

ప్రవేశ పరీక్షకు చెల్లెలు రంగుల పెట్టె కొనుక్కోనక్కరలేదు. ఒక పెన్సిలు, చౌక కాగితాల పుస్తకం చాలు. ఫొటోలు, సినిమా హీరోల బొమ్మలు చూసి దించొద్దని చెప్పు. అట్లా దించితే చెయ్యి తిరుగుతుంది గానీ కన్ను నేర్చుకోదు. మనూరి గుట్టల మీది గుండ్లు ఒకదానిమీద ఒకటి ఎట్లా నిలబడినాయో, వాటి నీడ పొద్దున ఎటుపడుతుందో, సాయంత్రం ఎటుపడుతుందో గీయమను. పశువు నీళ్ళు తాగేటప్పుడు మెడ ఎట్లా వంగుతుందో గీయమను. ఇంటికొచ్చినాక పుస్తకం మూసి, అదే బొమ్మ జ్ఞాపకం మీద మళ్ళీ గీయమను. జ్ఞాపకం మీద గీయడం అభ్యాసంతోనే వస్తుంది. దానికి దగ్గరి దారి లేదు.

బడిలో డ్రాయింగ్ టీచరు కావాలంటే ఇంకో బాట ఉంది. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ శిక్షణ తీసుకోవాలి. మన ఇండ్లలో ఆడపిల్లకు ఈ బాట ఉందని చెబితే పెద్దవాళ్ళు కొంచెం మెత్తబడతారు. చిన్నాయనకు ముందు ఇదే చెప్పండి.

ఆళ్ళగడ్డ

రాత్రి బస్సుకు పోకుండా పగటి బస్సెక్కినాను. మైదుకూరు దాటి ఆళ్ళగడ్డలో దిగినాను. రాతి శిల్పాలకు ఈ ఊరు పేరున్నది. రోడ్డు మీదికే ఉలి చప్పుడు వినిపిస్తుంది. గుళ్ళకు దేవతా విగ్రహాలు, ఊరి కూడళ్ళలో నిలబెట్టే నాయకుల విగ్రహాలు ఇక్కడ చెక్కుతారు.

ఒక పనితావులో చానాసేపు కూర్చున్నాను. పెద్దాయన రాయి మీద ముందు నిలువు గీత కొట్టి, దానికి అడ్డంగా కొలతలు గుర్తుపెట్టుకుంటున్నాడు. విగ్రహం ముఖం ఎంత పొడవో అది ఒక తాళం. నవతాళం అంటే నిలువెత్తు తొమ్మిది ముఖాలంత. ఏ దేవతకు ఏ తాళమో శిల్పశాస్త్రం చెబుతుంది. మాకు తరగతిలో నల్లబల్ల మీద చెప్పినప్పుడు అది లెక్కలాగా ఉండింది. ఇక్కడ ఆయన చేతిలో చూసినాక, రాయి లోపల మనిషి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాడో తెలుసుకునే దారి అదేనని అర్థమైంది. కుర్రవాళ్ళు ముందు ఉలి సానబట్టడం, తర్వాత పీఠం చదును చేయడం, ఆ తర్వాత వస్త్రపు మడతలు నేర్చుకుంటారు. ముఖం చెక్కే పని చివర వస్తుంది.

నాయనా, ఇక్కడ నేను గమనించింది వేరే. ఆ పెద్దాయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎవరు అడిగినారు, ఎంత ఎత్తు, ఏ రాయి, బయానా ఎంత, ఎప్పటికి ఇవ్వాలి, లారీ కిరాయి ఎవరిది, అన్నీ రాసిపెట్టుకున్నాడు. నేను కలిసిన ఏ ఊరి ఫైన్ ఆర్ట్స్ పిల్లలను అడిగినా, తమ బొమ్మకు ధర ఎట్లా కట్టాలో తమకు ఎవరూ నేర్పలేదనే చెబుతారు. బయానా తీసుకోవాలని, ఒప్పుకున్నది కాగితం మీద పెట్టుకోవాలని, గడువులోపల ఇయ్యాలని తెలియక చదువైపోయినాక నలిగిపోతారు. ప్రతి కళాశాలా తన పిల్లలను ఇట్లాంటి పనితావులకు కొన్ని నెలలు పంపాలి. నేను ఎప్పుడైనా చదువు చెప్పే చోట నిలబడితే మొదట అడిగేది ఇదే. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో పదో తరగతి తర్వాతే రాయి, లోహం, కొయ్య, సుధ, కలంకారి నేర్పుతారు. ఆ చదువును మన వాళ్ళు తక్కువగా చూడటం నాకు నచ్చదు.

హైదరాబాదు

ఇక్కడ సీనియర్ అక్క గదిలో ఉన్నాను, భయపడొద్దు. అన్నం ఇంట్లోనే వండుకుంటున్నాం.

మాసబ్‌ట్యాంకులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ చూసినాను. 1940 నాటి కళాశాల అది, 2008లో విశ్వవిద్యాలయం అయింది. తర్వాత గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీకి పోయినాను. అది కేంద్రానిది కాబట్టి మనం కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ సరోజినీ నాయుడు స్కూల్‌లో లక్ష్మా గౌడ్ గారు ఏండ్లతరబడి పాఠం చెప్పినారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులో చదివి, 1963లో వడోదరకు పోయి ముద్రణ నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన గీతల్లో మేకలు, చెట్లు, పల్లె ఆడవాళ్ళు ఉంటారు. 2016లో పద్మశ్రీ ఇచ్చినారు.

తోట వైకుంఠం గారి సంగతి నువ్వు వినాల్సింది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి ఆయనది. పెద్ద బొట్టు, ఎర్ర చీర కట్టిన తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు ఆయనవే. ఆయన సినిమాకు కూడా పని చేసినారు. నర్సింగరావు తీసిన 'దాసి'కి కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. గోడకు ఏ రంగు, ఏ గిన్నె ఎక్కడ, ఇట్లాంటివన్నీ చిత్రకారుడి కన్నుతో తేల్చాల్సినవే. ఇప్పుడు ఇదే ఊర్లో 'ఈగ' లాంటి సినిమాలకు కంప్యూటర్ మీద బొమ్మను కదిలించే స్టూడియోలున్నాయి. యానిమేషన్ చదివిన మా కడప పిల్లలు చేరేది ఎక్కువగా అక్కడికే. గంటలు ఎక్కువ, కళ్ళు పోతాయి, కానీ నెలకు జీతం వస్తుంది.

నా మనసు మాత్రం ముద్రణ మీద ఉంది. దాన్ని నీకు వివరంగా చెప్పాలి. రాగి రేకు గానీ జింకు రేకు గానీ తీసుకుని మైనం లాంటి పూత పూస్తాం. సూదితో ఆ పూత మీద బొమ్మ గీస్తే కింద లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే గీసిన చోటల్లా తిని గాడి పడుతుంది. పూత తుడిచేసి, గాళ్ళలో సిరా నింపి, పైపైన సిరాను గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం వేసి ప్రెస్సులో నడిపిస్తే బొమ్మ కాగితం మీదికి ఎక్కుతుంది. ఒక రేకు నుంచి 20 ముద్రలు తీస్తే ప్రతిదాని కింద 1/20, 2/20 అని రాసి సంతకం పెడతాం. అన్నీ అసలువే. ఒక్క పెద్ద బొమ్మ కొనే డబ్బున్నవాడు ఎక్కడో ఒకడుంటాడు. ముద్ర కొనగలిగిన టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు చానామంది ఉంటారు. నీ ప్రశ్నకు నాకు దొరికిన సగం జవాబు ఇది.

ఇంకో మాట. ఈ విద్యలో ప్రపంచానికి కొత్త దారి చూపించిన మనిషి మన సీమవాడే. కృష్ణారెడ్డి గారు, చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టినారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ పోయి, పారిస్‌లో హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో చేరినారు. రంగు రంగుకూ వేరే రేకు చేసే పద్ధతి అప్పుడు ఉండేది. ఒకే రేకును లోతు, మిట్టలుగా చెక్కి, నూనె ఎక్కువ కలిపిన సిరా, తక్కువ కలిపిన సిరా, మెత్తని రోలరు, గట్టి రోలరు వాడి అన్ని రంగులనూ ఒకే దెబ్బలో ముద్రించడం అక్కడ సాధించినారు. చిక్కదనాల తేడా వల్ల ఒక సిరా ఇంకో సిరాను పట్టుకోదు. 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్క్‌లో పాఠం చెప్పి, 2018లో అక్కడే పోయినారు. మన బడి పుస్తకాల్లో నాకు ఆయన పేరు ఎక్కడా కనిపించలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

వడోదర

సికింద్రాబాదులో రైలెక్కినాను. వాడి జంక్షన్‌లో మన రాయచూరు లైను వచ్చి కలిసింది. అక్కడ దిగి దక్షిణం బండెక్కితే కోసిగికి వచ్చేయొచ్చు అనిపించింది. షోలాపూర్, పూణె, సూరత్ దాటి ఇక్కడ దిగినాను.

మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. లక్ష్మా గౌడ్, వైకుంఠం ఇద్దరూ ఇక్కడే కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన మద్రాసులో ఎకనామిక్స్ చదువుతూ స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయి, తర్వాత శాంతినికేతన్ చేరిన మనిషి. ఇక్కడ పాఠం చెబుతూనే మధ్యలో కొన్నేండ్లు చేనేత బోర్డులో డిజైన్ల పని చేసినారు. మగ్గం దగ్గర కూర్చోవడం బొమ్మకు తక్కువని ఆయన అనుకోలేదు. 1961 నుంచి ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ జరుపుతూ వచ్చినారు. పిల్లలు, గురువులు కలిసి బొమ్మలు, మట్టిపాత్రలు, అద్దకాలు చేసి ఊరివాళ్ళకు అమ్మేవారు. సుబ్రమణ్యన్ గారు స్వయంగా కొయ్య బొమ్మలు చేసినారు. సంత కోసం చేసిన ఆ ఆటబొమ్మలను ఇప్పుడు మ్యూజియాల్లో చూపిస్తారు.

మద్రాసు దగ్గర చోళమండలం అనే చిత్రకారుల ఊరు కూడా ఇట్లాగే నిలబడింది. 1966లో చిత్రకారుడు పణిక్కర్ గారు, ఆయన శిష్యులు బాతిక్ బట్టలు, చేతిపనులు చేసి అమ్మి, వచ్చిన డబ్బుతో సముద్రం పక్క నేల కొనుక్కుని ఇండ్లు కట్టుకున్నారు. బొమ్మలు ఎవరు కొన్నా, కొనకపోయినా అద్దె బాధ లేకుండా గీసుకున్నారు. నాయనా, నీ ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఈ రెండు చోట్లా దొరికింది. నాకు బొమ్మ ఒకటి, దాన్ని నిలబెట్టే చేతిపని ఇంకొకటి కావాలి. నా చేతిపని ముద్రణ. అది రాకముందే బొమ్మ మీద బతుకుతానని నీకు మాట ఇయ్యను.

ఇక్కడ ముద్రణ విభాగం చూసినాను. ప్రెస్సు చక్రం తిప్పుతుంటే భుజం నొప్పి పుడుతుంది, అంత బలం కావాలి. నా బొమ్మల్లో గుంతకల్లు ప్లాట్‌ఫారంవి చూసి ఇక్కడి పిల్లలు మన సుగ్గి గురించి అడిగినారు. పోర్ట్‌ఫోలియోలో మొదట అవే పెడుతున్నాను.

వడోదరకు, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీకి, రెండింటికీ దరఖాస్తు పెడతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏండ్ల కళాకారులకు నెలకు 5,000 రూపాయలు, రెండేండ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. దానికి కూడా పెడతాను. వస్తే గది అద్దె, అన్నం గడిచిపోతాయి. రాకపోతే సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ చెప్పుకుంటాను. నువ్వు భూమి మీద అప్పు తేవొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట.

తమ్ముడూ, నువ్వు సచివాలయానికి పోయి ఆదాయ ధ్రువపత్రం కొత్తది తీయించు, పాతది చెల్లదేమో. కుల ధ్రువపత్రం అమ్మ పెట్టెలో ఉంది, దాన్ని స్కాన్ చేయించి పంపు. నా డ్రాయింగ్ పుస్తకాల్లో నీలం అట్టది చిన్నాయన కూతురికి ఇయ్యి. మిగిలినవి నేను వచ్చేదాకా ఎవరికీ ఇయ్యొద్దు.