కిటికీ వెనక పాప

దెబ్బ తగిలితే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. ‘బ్లడ్‌బోర్న్’ అనే వీడియో గేమ్ మాత్రం ముందుకెళ్లమంటుంది. పోయిన ప్రాణశక్తిలో కొంత, వెంటనే తిరగబడి కొడితే మళ్లీ దక్కుతుంది. కంట్రోలర్ పట్టుకున్న వేళ్లకు ఈ తెగువ అలవాటయ్యేసరికి చాలా రాత్రులు గడిచిపోతాయి. 2015లో ప్లేస్టేషన్ 4 మీదికి వచ్చిన ఈ ఆటకు దర్శకుడు హిడెటాకా మియాజాకీ.

నన్ను కట్టిపడేసింది మాత్రం పోరాటం కాదు. ఆటలోని యార్నమ్ నగరంలో ఓ కిటికీ వెనక నుంచి ఒక చిన్నపాప మాట్లాడుతుంది. నాన్నను వెతకడానికి వెళ్లిన అమ్మ ఇంకా రాలేదంటుంది. నాన్న తమను మరిచిపోతే జ్ఞాపకం తెప్పించే పాట పెట్టె ఒకటి మన చేతికిస్తుంది. ఆ నాన్నే గాస్కోయిన్, మనం ఓడించి తీరాల్సిన వేటగాడు! పోరు మధ్యలో ఆ పెట్టె మోగిస్తే తల పట్టుకుని విలవిల్లాడతాడు. ఆ క్షణంలోనే అతన్ని కొట్టాలి. అమ్మ శవం ఆ పక్కనే పైకప్పు మీద పడి ఉంటుంది, ఎర్రరాయి పొదిగిన నగతో.

ఒక కుటుంబ ప్రేమను ఆయుధంగా వాడమని ఆట మన చేతికే ఇచ్చింది. చూసే సినిమాలో ఇది సాధ్యం కాదు. బటన్ నొక్కింది మనమే కదా, ఆ బరువూ మనదే.

ప్లేస్టేషన్ 5 మీద కూడా ఈ ఆట నడుస్తుంది. కొత్తగా ఆడేవాళ్లు తొందరపడి ఆ కిటికీ దాటిపోకండి. ఆగి, తలుపు తట్టినట్టు పలకరించండి.