సంఘం వదిలిన నేస్తానికి

పలాస, మార్చి నెల

ఒలే,

నీ ఉత్తరం చేరింది. సంఘం మానేశానని, పేరు కూడా తీసెయ్యమని సంతకం పెట్టి పంపానని రెండు ముక్కల్లో తేల్చేశావు. మిగతాదంతా అమ్మకి ఎలా చెప్పాలన్న దిగులే. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కదా, అందుకే రాస్తున్నాను.

అసలు నువ్వేం వదిలావో ఇక్కడ ఎవరికీ తెలీదు. బాప్తిస్టులంటే టెక్కలికి తెలుసు. కెనడా దొరలు మిషను పెట్టిన రోజుల నుంచీ తెలుసు. సోంపేటలో వాళ్ళు నడిపిన కళ్ళ ఆసుపత్రి గురించి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెంతెకోస్తు పాటలు ఏ పేటకెళ్ళినా వినిపిస్తాయి. మోర్మన్లంటే మాత్రం ఉద్దానంలో ఒక్కరికీ అర్థం కాదు. నువ్వు నర్సింగ్ చదువుకి విశాఖపట్నం వెళ్ళి, తెల్లచొక్కా మీద నల్ల పేరుపట్టీ పెట్టుకున్న కుర్రాళ్ళ మాటలు విని మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నప్పుడు మీ అమ్మ ఏమంది? "ఏటే, కొత్త సంగమా? మన సంగం ఏటయిపోనాది?" అంది. ఇప్పుడు నువ్వు మోర్మన్లని వదిలేశానంటే ఆవిడకి రెండే అర్థాలు తోస్తాయి. దేవుణ్ణే వదిలేశావన్నది ఒకటి. బుద్ధొచ్చి తన చర్చికి తిరిగొస్తున్నావన్నది రెండోది. నాకు ఈ రెండోదే భయం. ఆ ఆశ పెట్టుకున్నాక కాదని చెప్పడం మరీ కష్టం.

టీ తాగానని రాశావు. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. 1833లో అమెరికాలో, మోర్మన్ సంఘం పెట్టిన జోసెఫ్ స్మిత్ 'జ్ఞానవాక్యం' అని చెప్పిన దాంట్లో పొగాకు, మద్యం, వేడి పానీయాలు వద్దన్నాడు. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని వాళ్ళ పెద్దలు తేల్చారు. ఇంత దూరంలో, మన ఉద్దానంలో కవిటి, వజ్రపుకొత్తూరు ఇళ్ళల్లో దాని అర్థం మారిపోయింది. మన దగ్గర టీ వద్దనేవాళ్ళు ఇద్దరే: డాక్టరు లెక్కగట్టి నీళ్ళు తాగమన్న కిడ్నీ పేషెంటు, నువ్వు. ఇంకో రకం కూడా ఉండేవారు, నీకు చెప్పక్కర్లేదు. మన పేటకొచ్చి, అరుగు మీద కూర్చోకుండా, ఇచ్చిన గ్లాసు ముట్టుకోకుండా పని చెప్పి పోయేవాళ్ళు. వాళ్ళని చూస్తూ పెరిగిన మీ అత్త ఇంట్లోనే నువ్వు సెలవులకొచ్చి టీ వద్దన్నావు. మతం కోసమని నువ్వు చెప్పావు, ఆవిడకి వినబడింది వేరు. అందుకే నువ్వు టీ తాగావంటే నాకు సంతోషమే. దాన్ని పాపంగానో ఘనకార్యంగానో చూడకు, టీగా తాగు.

ఈ మతం మన తెలుగువాళ్ళలోకి వచ్చిన తీరు నువ్వు చెబితేనే నాకు తెలిసింది. సమోవా దీవుల్లో పనిచేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడే ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే చెప్పారు. 20 మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్తిస్టు పాస్టరు, మోర్మన్ గ్రంథం తెలుగు అనువాదం మొదలైంది ఆయన చేతి మీదే. దేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాదులోనే పెట్టారు. ఇదంతా నువ్వు గర్వంగా చెప్పేదానివి. నేను మాత్రం ఒకటే పట్టుకున్నాను: ఇది పుస్తకం వెంట వచ్చింది కాదు, చుట్టరికం వెంట వచ్చింది. మన దగ్గర ఏ మతమైనా అంతే. కాబట్టి వదలడం కూడా సిద్ధాంతం దగ్గర తెమలదు, చుట్టాల దగ్గరే తెమలాలి.

నువ్వు సిద్ధాంతం దగ్గరే ఆగిపోయావు. ఆగకుండా ఎలా ఉంటావులే. 18 నెలలు మిషనరీగా 'సిస్టర్' అని పట్టీ పెట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కిన దానివి. జోసెఫ్ స్మిత్‌కి 30 నుంచి 40 మంది దాకా భార్యలుండొచ్చని, ఒకామెకి పెళ్ళినాటికి 15 ఏళ్ళు నిండడానికి ఇంకా కొన్ని నెలలున్నాయని 2014లో సంఘమే వ్యాసం వేసిందని, అది చదివి తెల్లారేదాకా కూర్చున్నానని రాశావు. పెళ్ళిళ్ళ లెక్క మనల్ని అంతగా అదరగొట్టదు, దశరథుడి కథ విని పెరిగినవాళ్ళం. అయితే దశరథుడికి ముగ్గురు భార్యలని మనకి ఎవరూ దాచలేదు. నువ్వు ఇంటింటా చెప్పిన కథలో ఆ పేజీ లేదు. నిన్ను విరిచింది అదే. నీ చేత చెప్పించారన్న బాధ కంటే నేనే చెప్పానన్న బాధ నీకు ఎక్కువ. అది అన్యాయం. తెలియని సంగతికి నువ్వెలా జవాబుదారువి?

నీకంటే ముందు బయటికొచ్చిన ఆడవాళ్ళని గుర్తుచేసుకుంటున్నావు. ఫాన్ బ్రోడీ 1945లో జోసెఫ్ స్మిత్ జీవితం రాసింది, మరుసటి ఏడు వెలి. ఆమె సొంత పెదనాన్న తర్వాత ఆ సంఘానికే అధ్యక్షుడయ్యాడు. ఇదీ చుట్టరికం గొడవే, చూశావా? కేట్ కెల్లీ ఆడవాళ్ళకీ యాజకత్వం ఇవ్వమంది, 2014లో మగవాళ్ళు కూర్చుని తీర్పు చెప్పి పంపేశారు. నిన్ను ఎవరూ గెంటలేదు, నీ కాళ్ళతో నువ్వొచ్చావు. ఇందులో గౌరవం ఉంది గానీ సానుభూతి దొరకదు. వెలేస్తే కనీసం నలుగురు అయ్యో అంటారు.

మన వైపు కథ ఒకటుంది. ఇచ్ఛాపురం దాటి కాస్త పైకెళితే ఛత్రపురం, నాస్తికుడు గోరా పుట్టింది అక్కడే, 1902లో. ఆయన భార్య సరస్వతి విజయనగరం అమ్మాయి. నిష్ఠ గల బ్రాహ్మణ కుటుంబాల్లోంచి ఇద్దరూ కలిసి బయటికొచ్చి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకోమని చెప్పబోయి ఆగాను. సరస్వతమ్మ పక్కన భర్త ఉన్నాడు. మీ ఆయన ఇప్పటికీ ఆదివారం పూట టై కట్టుకుని వెళ్తున్నాడు. హాంగ్‌కాంగ్ ఆలయం దాకా వెళ్ళి, చావు తర్వాత కూడా నిలిచే పెళ్ళి చేసుకొచ్చారు మీరిద్దరూ. పేరు తీయించుకుంటే ఆ ముద్ర కూడా చెరిగిపోతుందని వాళ్ళ లెక్క. నువ్వు నమ్మడం మానేశావు, ఆయన మానలేదు. అంటే రేపటినుంచి ఆయన దృష్టిలో తను పై లోకంలో ఒంటరి. నీ ఉత్తరంలో ఆయన గురించి ఒక్క లైనే ఉంది. నా లెక్కలో అమ్మ కంటే ముందు కూర్చుని మాట్లాడాల్సింది ఆయనతో.

కాగితాల గొడవ కూడా అడిగావు. మీది ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకిచ్చే బీసీ-సి సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉంటేనే ఎస్సీ. హిందూమతంలోకి తిరిగొచ్చినవాళ్ళ సంగతి 2015లో సుప్రీంకోర్టు చెప్పింది: పాత కులం రుజువు కావాలి, మతం మార్పు నిజమై ఉండాలి, కులస్థులు ఒప్పుకోవాలి. నువ్వు ఎటూ తిరిగి రావడం లేదు కనక సర్టిఫికెట్ జోలికి పోకు.

తిత్లీ తుపానుకి మీ అమ్మ కొబ్బరిచెట్లు పోయిన అక్టోబరు గుర్తుందా, 2018? సంఘానికిచ్చే దశమభాగం పక్కన తీసిపెట్టాకే అమ్మకి డబ్బు పంపానన్నావు. నాకు నీ మీద అప్పుడు కోపమొచ్చింది, ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఆ పదోవంతు నీ చేతిలో మిగులుతుంది, కొత్తగా వేసిన మొక్కలకి పంపు.

ఆదివారాలు ఖాళీగా ఉన్నాయని, పలకరించేవాళ్ళు లేరని రాశావు. సంఘంలో ఆడవాళ్ళ ఉపశమన సమాజం అక్కచెల్లెళ్ళు నీ ఆపరేషనప్పుడు కూరలు మోసుకొచ్చి నిలబడ్డారు. నమ్మకం పోయిందని ఆ కూరల రుచి అబద్ధం కాదు. వాళ్ళలో ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తు, వాదించకు.

మే నెలలో పనసలు పండుతాయి, అమ్మకి తీరిక ఉంటుంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి ఇద్దరికీ టికెట్లు తీయించు, ఒక్కదానివే రాకు. మీ ఆయన టీ వద్దంటే మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, మజ్జిగిస్తాను. అమ్మకి జోసెఫ్ స్మిత్ గురించి ఏమీ చెప్పకు, ఆవిడకి అక్కర్లేదు. పాత చర్చికి మాత్రం రానని మొదటి రోజే చెప్పెయ్, ఆశ పెట్టి తిప్పకు. ఏడుస్తుంది, ఏడవనీ. హైదరాబాదు చుట్టాలు ఫోన్ చేసి చెప్పేలోగా నీ నోటితో నువ్వే చెప్పాలి. టికెట్లు తీయగానే నాకు కబురు చెయ్యి.

నీ
పలాస నేస్తం