ఘాటి దారిలో గుమ్మపాలు

బెంగుళూరులో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటినా, పుష్యమాసం వచ్చిందంటే నా మనసు దొడ్డబళ్ళాపురం వైపు లాగుతుంది. అక్కడ మా మేనమామగారి ఇల్లుంది. వీధిలో అడుగు పెట్టగానే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. పట్టు నేసే ఇళ్ళలో తెలుగూ కన్నడమూ కలిసిపోయి ఉంటాయి. హిందూపురం రైలు ఆ ఊరి మీదుగానే వెడుతుంది కనుక మనవాళ్ళకది పరాయి ఊరు కాదు.

ఊరికి కొద్ది దూరంలో, కొండల నడుమ ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. ఒకే శిలలో తూర్పు ముఖంగా సుబ్రహ్మణ్యుడు, పడమటి ముఖంగా నరసింహస్వామి. వెనక అమర్చిన అద్దంలో నరసింహస్వామిని దర్శించుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ జరిగే పశువుల జాతర చాలా పెద్దది. కొన్నేళ్ళ కిందట మా పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాను. నిటారు కొమ్ముల హళ్ళికార్ ఎడ్లను చూసి వాళ్ళు కదిలితే ఒట్టు!

మర్నాడు పొద్దున మామయ్య ఆవు పాలు పితికి, నురగతోనే రెండు గ్లాసులు పిల్లల ముందు పెట్టాడు. నా చిన్నతనంలో నాకూ అలాగే పట్టేవాడు. పెద్దవాడు సగం గ్లాసు తాగేశాడు. అప్పుడే అత్తయ్య మాటల సందర్భంలో అంది: "రెండు నెలలుగా మీ మామకి సాయంత్రమైతే జ్వరమమ్మా. ఒళ్ళంతా చెమట, నడుము నొప్పి. మగ్గం దగ్గర కూర్చోలేకుండా ఉండాడు. ఆ పక్క ఆవేమో చూలుతో ఉండి ఈసుకుపోయింది. మాయ కూడా ఈయనే వట్టి చేతుల్తో లాగినాడు."

నాకు గుండె జారింది. చిన్నదాని చేతిలో గ్లాసు తీసేసుకున్నాను. మామయ్య ముఖం చిన్నబోయింది. "ఆవుతల్లి పాలలో విషముంటుందామ్మా?" అన్నాడు.

రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఆవుకి ఈ జబ్బు సోకితే చూలు నిలవదు. ఆ మాయను ముట్టుకున్నా, పచ్చిపాలు తాగినా మనిషికి అంటుకోవచ్చు. జ్వరం వస్తూ పోతూ ఉండడంతో టైఫాయిడ్ అనో, ఇంకేదో అనో పొరబడడం మామూలే. దీని సూక్ష్మజీవిని 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు కనిపెట్టాడు. మామయ్య ఆరు వారాలపాటు రెండు రకాల మందులు మింగాడు. మావాడికి పరీక్షలో ఏమీ లేదని తేలేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

తమాషా ఏమిటంటే, బెంగుళూరు తిరిగి వచ్చే దారిలోనే యలహంక ఉంది. పశువుల రోగాలు ఎలా వ్యాపిస్తాయో పరిశీలించే జాతీయ సంస్థ 'నివేది' అక్కడి రామగొండనహళ్ళిలోనే ఉంది. ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళానో! ఒక్కసారీ పట్టించుకోలేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన పథకం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకి ఈ జబ్బు రాకుండా టీకా వేస్తున్నారు. జన్మకి ఒక్కసారి వేస్తే చాలు.

ఇప్పుడు మామయ్య మళ్ళీ మగ్గమెక్కాడు. ఆవు ఈనినా, ఈసుకుపోయినా చేతులకి తొడుగులు లేనిదే దగ్గరికి పోడు. మొన్న మేం వెళ్ళినప్పుడు పాలు పొంగు వచ్చేదాకా తనే పొయ్యి దగ్గర నిలబడి, చల్లార్చి పిల్లలకిచ్చాడు. "ఇంక భయం లేదు, తాగండిరా" అన్నాడు.

మీరూ ఒకసారి ఘాటి వెళ్ళిరండి. జాతర చూడండి, ఎడ్లను నిమరండి, చేతులు కడుక్కోండి. ఎవరైనా ప్రేమగా గుమ్మపాలు అందిస్తే మాత్రం, మొహమాటపడకుండా కాచి ఇమ్మనండి.