కోరంగి మడ అడవిలో

కాకినాడ నుండి యానాం పోయే దారిలో ఉన్న కోరంగి మడ అడవికి మేము వెళ్లాము. గోదావరి సముద్రంలో కలిసేచోట 1978లో ఏర్పడిన అభయారణ్యమిది; విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల వేళ్లు బురదలోనుండి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. ఆ వేళ్ల నీడలోనే రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి.

1996 నవంబరు 6 తుపాను ఈ ప్రాంతంలో వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. ఉప్పెన అలల జోరును తగ్గించేవి ఈ చెట్లే. అయినా పేదయింటి పొయ్యికి కట్టె కావాలి గదా! కాపలా ఒక్కటే పెడితే అడవి నిలువదు. అందుకే 1990ల చివరినుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ గ్రామస్థులను కలుపుకొని పనిచేశాయి. చెట్లు పోయి ఉప్పుతేలిన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి వచ్చి, పాటుకు వెనుదిరిగి, ఉప్పును కడిగింది. నాటిన మడ మొక్కలు బ్రతికాయి.

ఏదెను తోటలో ఆదాముకు అప్పగించబడిన పని సేద్యపరచడం మాత్రమే కాదు, కాపాడడం కూడా (ఆది. 2:15). తీరాన ఉన్న మన సంఘాలు సన్నకన్ను వలలు మానడం, మడకొమ్మ నరకకుండడం, వంటచెరకు లేని యింటికి సాయపడడం కూడా దేవుని సేవయే. మన పిల్లల వలలు ఖాళీగా రాకుండునట్లు ప్రభువు మనకు కాపరి మనస్సు దయచేయును గాక. ఆమేన్.