కలకత్తాలో పుష్యమాసపు వారము

హేమంతమున సకుటుంబముగ కలకత్తా మహానగరమును దర్శింపవలెనను మా చిరకాలవాంఛ ఈ పుష్యమాసమున ఫలించినది. విక్టోరియా స్మారకమందిరమును, 1943లో రాకపోకలకు తెఱవబడిన హౌరా వంతెనను అందఱును చూచునట్లే చూచితిమి. ఈతచెట్ల రసమును కాచి ఈ చలిదినములయందే తీయు కొత్తబెల్లముతో చేసిన సందేశ్ మిఠాయిని మాత్రము మా పిల్లలు పూటపూటకు కోరిరి.

1814లో నెలకొల్పబడిన ఇండియన్ మ్యూజియమునందు, భర్హుత్ స్తూపపు ఎఱ్ఱరాతి ప్రాకారమును దాటి, అమరావతీ శిల్పఖండముల యెదుట నిలిచినప్పుడు, గుంటూరుసీమలో పుట్టి పెరిగిన మా అత్తగారు, “మన కృష్ణ ఒడ్డు రాళ్లేనమ్మా ఇవి!” యని కన్నులు తుడుచుకొని, చాలసేపటివఱకు కదలరైరి.

అన్నింటికంటె నన్ను వశపఱచుకొన్నది శిబ్‌పూర్ ఉద్యానమందలి మహావటవృక్షము. శిలీంధ్రవ్యాధిచే చెడిన మూలకాండమును 1925లోనే తొలగించినను, వేలకొలది ఊడలే ఊతగా అది నేటికిని విస్తరిల్లుచున్నది. “అసలు చెట్టు ఏదీ?” యని చిన్నవాఁడు అడుగగా, “అన్నీ అదేరా నాన్నా!” యని అత్తగారే బదులిచ్చిరి. శీతకాలమున కలకత్తా పోవు మిత్రులారా, ఆ తోటకు ఒక దినమంతయు కేటాయింపుఁడు, పూట చాలదు.